మా అమ్మకి షుగర్

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే రాసేవాళ్ళు రాస్తున్నారు. "కొంచెం మర్యాదగా మార్చి రాయమంటారా?" అని అడిగారు. తిట్లు ఉంటే తీసెయ్యండి, మిగిలింది ఉండనివ్వండి అన్నాను. తిట్లు తీసేస్తే ఎంత మిగులుతుందో నాకూ తెలీదు.

ముందు మా అమ్మాయి పని గురించి చెప్పాలి. ఇక్కడ సిడ్నీలో ఒక యూనివర్సిటీలో చేస్తుంది. హెచ్ఐవీ మీద పరిశోధన ఎలా చెయ్యాలో వేరే దేశాల డాక్టర్లకీ నర్సులకీ నేర్పే పని. ఇప్పుడు నేర్పుతున్నది బర్మావాళ్ళకి. అక్కడ సైన్యం గద్దెనెక్కి కూర్చుంది, ఊళ్ళమీద విమానాల్లోంచి బాంబులు వేస్తోంది. ఆస్పత్రులు కూలిపోయి డాక్టర్లు అడవుల్లో గుడారాలు వేసుకుని చూస్తున్నారట. యుద్ధమని జబ్బు ఆగదు కదా. మందులు ఎవరికి అందుతున్నాయి, ఎవరు మానేశారు, మానేసినవాళ్ళు ఏమైపోతున్నారు, ఇదంతా అక్కడి మనుషులే అడిగి తెలుసుకోవాలి. బయటివాళ్ళు వెళ్ళి చేసిపెట్టే దారి లేదు. అందుకని కొందరిని ఇక్కడికి రప్పించి నేర్పుతారు, వాళ్ళు వెనక్కి వెళ్ళి మరికొందరికి నేర్పుతారు. మంచి పనే. నేను కాదనను.

నాకూ ఆ జబ్బే. మా ఆయన ఇచ్చి పోయాడు. ఇన్నేళ్ళలో మా అమ్మాయి నా విషయంలో ఆ జబ్బు పేరు నోటితో అన్నది లేదు. "ఆ మందులు వేసుకున్నావా" అంటుంది. "ఆ రిపోర్టు ఏమైంది" అంటుంది. నా కోరిక ఒకటే. అది నోరు తెరిచి, నలుగురిలో కాకపోయినా ఒక మనిషి ముందైనా, మా అమ్మకి హెచ్ఐవీ ఉంది అనాలి. అంతకంటే నేనేమీ అడగలేదు.

మాది కాకినాడ దగ్గర పల్లె. మా ఆయన బోరు బండి మీద పనిచేసేవాడు. బండెక్కాడంటే వేసవంతా ఇంటికి రాడు. ఎక్కడ నీళ్ళు ఎండిపోతే అక్కడికే వాళ్ళ ప్రయాణం. ఇంటికొచ్చినప్పుడు చెవుల్లో, కనురెప్పల మీద తెల్లటి రాతిపొడి ఉండేది. నేను సున్నిపిండి పెట్టి తోమేదాన్ని. లోపల తెచ్చుకున్నది తోమితే పోయేది కాదని నాకేం తెలుసు. దగ్గు పట్టుకుంది, చిక్కి చిక్కి పోయాడు. పోయాక నాకు పరీక్ష చేశారు.

మా అమ్మాయి అప్పుడు ఆరో క్లాసు. మందులిచ్చే సెంటరుకి నన్ను తీసుకెళ్ళేది అదే, బోర్డులు చదవాలి కదా. లైన్లో ఉన్నప్పుడు తెలిసినవాళ్ళు ఎవరైనా కనిపిస్తే నా చెయ్యి వదిలేసి అటుపక్క నీళ్ళ కుండీ దగ్గరికి పోయి నిలబడేది. చిన్నపిల్ల, నేనేమీ అనలేదు. చదువుకుంటే పోతుంది అనుకున్నాను. చదువుకుంది. ఆ జబ్బు మీదే చదువుకుంది. ఇప్పటికీ అటుపక్కనే నిలబడి ఉంది.

వీళ్ళ ఇల్లు సిడ్నీ శివార్లలో, ద పాండ్స్ అనే పేటలో. మనవరాలిని చూసుకోవడానికి నన్ను పిలిపించారు. నేను వచ్చిన రోజే నా మాత్రలన్నీ ఒక విటమిన్ సీసాలో పోసి అల్మారా పైఅరలో పెట్టింది. అల్లుడికి సంగతి తెలుసు, మంచివాడు, తెలియనట్టే ఉంటాడు. వియ్యపురాలికి తెలీదు. వీధిలో ఎవరికీ తెలీదు. ఎవరైనా "ఆంటీ ఏవో టాబ్లెట్స్ వేసుకుంటున్నారు" అంటే "మా అమ్మకి షుగర్" అంటుంది. దాంతో ఏ ఇంటికెళ్ళినా నాకు స్వీటు పెట్టరు. పండగనాడు కూడా. నాకు లేని షుగర్ కోసం కాజా కూడా మానుకున్నాను.

ఒకరోజు వంట చేస్తుంటే వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, వచ్చే వారం నువ్వు మా ఆఫీసుకి రావాలి."

"నేనెందుకే?"

"మా వాళ్ళకి ప్రాక్టీస్ కావాలి. పేషెంట్‌లా నువ్వు యాక్ట్ చెయ్యాలి. యాక్టర్స్ ఉన్నారు కానీ అందరికీ ఇంగ్లీష్ వచ్చు. వీళ్ళ దేశంలో కొండకో భాష. మధ్యలో ఒక మనిషిని పెట్టుకుని ఎలా అడగాలో నేర్చుకోవాలి. సో, ఇంగ్లీష్ అస్సలు రాని వాళ్ళు కావాలి."

"రానిదాన్ని నేను దొరికానన్నమాట."

"చదువు కూడా రాకపోతే ఇంకా మంచిది" అనేసి, నా మొహం చూసి సర్దుకుంది. "అంటే, యు ఆర్ పర్ఫెక్ట్ అమ్మా."

"ఏం జబ్బుట నాకు?"

అది నా వంక చూడకుండా కుక్కర్ వంక చూసింది. "మా ప్రాజెక్ట్ దేని మీదో తెలుసుగా."

"అది ఉన్నట్టు నటించాలా?"

"ఊఁ. జస్ట్ యాక్టింగ్."

నవ్వొచ్చింది నాకు. "లేనట్టు నటించడమైతే వచ్చు. ఉన్నట్టు నటించడం కొత్తగా నేర్చుకోవాలి" అన్నాను. కుక్కర్ కూత వేసింది. మా అమ్మాయి స్టవ్ తగ్గించి వెళ్ళిపోయింది.

నాకు చెప్పాల్సిన కథ అదే తయారుచేసి ఇచ్చింది. నేను మేకలు కాసుకునేదాన్నట. మా ఆయన సిపాయి అట. ఇంట్లో అందరికీ తెలుసట, అందరూ బాగా చూసుకుంటారట. బట్టీ పట్టమంది. పట్టాను.

మెట్రో ఎక్కి వెళ్ళాం. గుండెల మీద ఒక స్టిక్కర్ అంటించారు, లోపలికి పోనిచ్చారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో ఒక డాక్టరమ్మ ఉంది, నా కూతురి కంటే కొంచెం పెద్దది. బుగ్గలకి గంధంలాంటి పూత రాసుకుంది. ప్రభుత్వాస్పత్రిలో చేసేదట, సైన్యం వచ్చాక ఉద్యోగం వదిలేసి అడవిలోకి పోయిందట. పక్కన ల్యాబ్ పని చేసే ఒకాయన. రక్తం సీసాలు మోటారు సైకిల్ మీద చెక్‌పోస్టులు దాటించేవాడట. వాళ్ళు పేషెంట్ల పేర్లు రాసుకోరట. పేరున్న కాయితం సిపాయిల చేతిలో పడితే ఆ మనిషి ఇంటికే పోతారని మా అమ్మాయి చెప్పింది.

"మా అమ్మ వాళ్ళ నాన్న రంగం వెళ్ళాడని చెప్పవే" అన్నాను. మా వైపు పాతకాలం వాళ్ళు బర్మాని రంగం అనేవారు. ఓడెక్కి కూలికి పోయి, పెద్ద యుద్ధం వచ్చినప్పుడు కాలినడకన వెనక్కి వచ్చారు. ఆ మాట చెప్పగానే డాక్టరమ్మ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. ఏదో అడిగింది. మా అమ్మాయి నవ్వుతూ, "మీ తాత అక్కడ ఇంకో పెళ్ళేమైనా చేసుకున్నాడా అని అడుగుతోంది" అంది.

"చేసుకుని ఉంటే మా అమ్మమ్మ సముద్రం ఈదుకుంటూ వచ్చి ఉండేది. ఆవిడకి ఓడ అక్కర్లేదు."

అందరూ నవ్వారు. డాక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుని నవ్వింది.

మొదలుపెట్టే ముందు మా అమ్మాయి వాళ్ళకి పాఠం చెప్పింది. ఆ పాఠమే ముందురోజు అన్నాలు తింటూ నాకు తెలుగులో చెప్పి ఉంది, అందుకని ఎక్కడ ఏం చెప్తోందో తెలుస్తూనే ఉంది. మధ్యమనిషి చెప్పింది చెప్పినట్టు చెప్పాలి. తగ్గించకూడదు, కలపకూడదు. పేషెంటు తిడితే తిట్టు కూడా చెప్పాలి. ఇంట్లోవాళ్ళని మాత్రం ఎప్పుడూ మధ్యమనిషిగా కూర్చోబెట్టకూడదు, ఎందుకంటే వాళ్ళ ముందు పేషెంట్లు నిజం చెప్పలేరు, చెప్పినా వాళ్ళు దాటించరు. ఇంత చెప్పి, తనే వచ్చి నాకూ డాక్టరమ్మకీ మధ్యలో కూర్చుంది. ఇది యాక్టింగే కదా, తెలుగు వచ్చినవాళ్ళు ఆ గదిలో ఇంకెవరున్నారు.

డాక్టరమ్మ అడిగింది, నేను మేకల కథ అప్పజెప్పాను. అయిపోయింది. ఆఫీసులో వీళ్ళ పెద్ద ఒక తెల్లావిడ. మా అమ్మాయి ఆవిడని పేరు పెట్టి పిలుస్తుంది, నాకైతే నోరు రాదు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంత వరసగా ఎవరూ మాట్లాడరు, అక్కడి ఆడవాళ్ళు అసలే మాట్లాడరు, కథ పక్కన పెట్టి మీ అమ్మకి తోచింది చెప్పనివ్వు, అందట.

"అమ్మా, నీకు ఏది అనిపిస్తే అది చెప్పు. కానీ స్టోరీ దాటకు" అంది మా అమ్మాయి తెలుగులో. మొదటి ముక్క ఆవిడది. రెండో ముక్క దీనిది.

డాక్టరమ్మ మళ్ళీ మొదట్నించీ వచ్చింది. ఇష్టం లేకపోతే ఎక్కడైనా ఆపేయొచ్చు అంది. మెల్లగా అడిగింది. "మీకు ఈ జబ్బు ఉందని ఇంట్లో ఎవరికి తెలుసు?"

నేను ఇలా చెప్పాను. "నా కూతురికి తెలుసు. వియ్యపురాలికి షుగర్ అని చెప్పింది. నా మాత్రలు విటమిన్ సీసాలో దాచింది. ఊరందరి జబ్బు గురించి మాట్లాడుతుంది కానీ, అమ్మా నీ జబ్బు ఎలా ఉంది అని పేరు పెట్టి నన్ను అడిగింది లేదు. నా మొగుడు జబ్బిచ్చాడు, దానికి మందు ఉంది. నా కూతురు ఇచ్చినదానికి మందు లేదు."

మా అమ్మాయి ఇంగ్లీషులో నాలుగు మాటలు అని ఊరుకుంది.

డాక్టరమ్మ చెయ్యి ఎత్తింది. మా ఇద్దరి వైపూ చూసింది. నా వైపు రెండు చేతులూ బారగా చాపింది, మా అమ్మాయి వైపు రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపింది. ఏదో అంది, మర్యాదగానే. మా అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్ళీ చెప్పమంటోంది" అంది నాతో.

మళ్ళీ చెప్పాను. ఈసారి ముక్క ముక్క ఆపి చెప్పాను, దానికి తప్పించుకునే సందు లేకుండా. అది గోడ వంక చూస్తూ అన్నీ చెప్పింది. నాకు రాని భాషే కానీ షుగర్, విటమిన్, డాటర్ తెలుసు. డాటర్ అన్నప్పుడల్లా దాని గొంతు రైల్వే స్టేషన్లో మైకులా ఉంది. మధ్యమనిషి ఎప్పుడూ పేషెంటు చెప్పినట్టే "నాకు" అని చెప్పాలట. కాబట్టి ఆ జబ్బు మా అమ్మాయికే ఉన్నట్టు, మాత్రలు ఇంకెవరో దాచినట్టు చెప్పింది.

చివర్లో డాక్టరమ్మ, "నన్నేమైనా అడుగుతారా?" అంది. అలా అడగాలని వాళ్ళకి నేర్పుతారు.

"మీ అడవిలో నాలాంటివాళ్ళ మాట దాటించేది ఎవరమ్మా? కూతుళ్ళేనా?"

మా అమ్మాయి ఆ ప్రశ్న చెప్పింది. వచ్చిన జవాబు కూడా చెప్పక తప్పలేదు. "కాదు. ఇంట్లోవాళ్ళని పెట్టకూడదని మీ అమ్మాయే మాకు నేర్పింది."

గది గొల్లుమంది. తెల్లావిడ లేచి చప్పట్లు కొట్టింది, కళ్ళు తుడుచుకుంది. మీ అమ్మ పుట్టు నటి అందట. మా అమ్మాయి "థాంక్యూ" అంది. నా తరఫున కాదు, తన తరఫునే. డాక్టరమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"అది నా వర్క్‌ప్లేస్ అమ్మా."

"తోచింది చెప్పమన్నారు, చెప్పాను."

"వాళ్ళు యాక్టింగ్ అనుకున్నారు కాబట్టి సరిపోయింది."

"సరిపోయిందా? ఎవరికే?"

అది ఫోను తీసుకుంది.

రెండు రోజులు పోయాక తనే వచ్చి అడిగింది. ఆ ప్రాక్టీసు వీడియో తీస్తారట. అక్కడ అడవిలో ఇంటర్నెట్ కట్ చేసేశారట, ఇక్కడినుంచి ఎవరూ వెళ్ళి నేర్పలేరట. ఫోన్లో వేసుకుని చేతిలో పట్టుకెళ్తే గుడారం గుడారానికీ చూపించి నర్సులకి నేర్పొచ్చని డాక్టరమ్మ కోరిందట. నన్నే పెట్టమని అడిగిందట.

"తప్పకుండా చేస్తాను" అన్నాను. "మొదట్లో నువ్వు కనపడి ఒక మాట చెప్పు. ఈవిడ మా అమ్మ, ఈవిడకి నిజంగానే హెచ్ఐవీ ఉంది అని. అంతే. ఆ తర్వాత నేను ఎంతసేపైనా మాట్లాడతాను."

"అది కుదరదు."

"ఎందుకు కుదరదు? బర్మాలో చూస్తారు. మీ అత్తగారు బర్మాలో ఉంటుందా?"

"వీడియో అన్నాక ఎక్కడికైనా పోతుంది అమ్మా. ఆఫీసులో అందరూ చూస్తారు. నువ్వు అర్థం చేసుకోవు."

"అర్థం చేసుకోకపోతే ఇన్నాళ్ళు షుగర్ మనిషిగా బతికానా?"

అది దిగి రాలేదు. నేనూ దిగలేదు. గుడారాల్లో ఉన్న ఆ ఆడవాళ్ళు నాకేం అన్యాయం చేశారని ఒకసారి అనిపించింది. అనిపించినా దిగలేదు. ఆఫీసులో మాత్రం మా అమ్మకి ఒంట్లో బాగోలేదు అని చెప్పిందట. ఏమైంది అంటే ఏం చెప్పి ఉంటుందో మీరే అనుకోండి. షుగర్ ఎక్కువైందట.

నా బదులు వీధి చివరి ఇంటావిడని మాట్లాడింది. వరంగల్ అమ్మాయి, బ్యాంకులో చేస్తుంది, తెలుగు సంఘం నాటకాల్లో వేషాలు వేస్తుంది. చదువుకున్న మనిషే, ఇంగ్లీషు రానట్టు నటిస్తానంది. నా పాత నేత చీర ఒకటి కావాలని మా అమ్మాయి అడిగింది. ఇచ్చాను. ఆ అమ్మాయి మా ఇంటికే వచ్చి, ఆ రోజు నేను అన్న మాటలే నేర్చుకుంది. చాయ్ పెట్టిచ్చాను. తాగుతూ అడిగింది.

"ఆంటీ, అసొంటోళ్ళు నిజంగ ఎట్ల మాట్లాడ్తరు? తల దించుకొని మాట్లాడ్తరా?"

"ఎందుకు దించుకుంటారమ్మా? మనలాగే మాట్లాడతారు."

"ఏమో ఆంటీ, సిగ్గుంటది గద."

నిలబడి చేసి చూపించింది. కూతురి మాట దగ్గరికి రాగానే బొటబొటా కన్నీళ్ళు కార్చింది. నాకే ఆశ్చర్యమేసింది, ఎక్కడ దాచుకుంటారో. ఇంతలో వంటగట్టు దగ్గరనుంచి మా అమ్మాయి అంది, "అక్కడ ఏడవకండి. మా అమ్మ అక్కడ ఏడవదు."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఆగింది. "మీ అమ్మనా?"

నేను చేతిలో ఉన్న కప్పు కింద పెట్టేశాను. మా అమ్మాయి నోరు తెరిచే ఉంది. చెప్తుంది అనుకున్నాను. ఒట్టు, అనుకున్నాను.

"అంటే, ఆఫీసులో ప్రాక్టీస్ చేసినప్పుడు అమ్మ ఏడవలేదు. అలాగే బాగుంది" అంది.

ఆ అమ్మాయి వెళ్ళాక అడిగాను. "అక్కడిదాకా వచ్చి ఎందుకే వెనక్కి పోయావు?"

"ఆవిడ మన వీధిలోనే ఉంటుంది అమ్మా" అంది. "రోజూ మొహాలు చూసుకోవాలి."

వీడియో తీశారు. డాక్టరమ్మ దాన్ని పట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నన్ను చూడటానికి వస్తానందట, అమ్మ నిద్రపోతోంది అని మా అమ్మాయి చెప్పిందట. ఆ వేళ నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను.

తర్వాత ఒక ఉదయం నడకదారిలో వరంగల్ అమ్మాయి కలిసింది. నా భుజం మీద చెయ్యేసి నడుస్తూ, "ఆంటీ, నిజం చెప్పున్రి, వీడియోల మంచిగ చేసిన్నా?" అంది.

"బాగా చేశావమ్మా. కాకపోతే ఆ జబ్బు నాకు నిజంగా ఉంది, నీకు లేదు. ఆ మాత్రం తేడా ఉంటుంది."

నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. భుజం మీద చెయ్యి దిగింది. కాసేపు పక్కనే నడిచింది. తర్వాత నెమ్మదిగా, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు అంది, "మొన్న మీ ఇంట్ల చాయ్ తాగిన."

ఆ వీడియోలో చాయ్ తాగితే అంటదు అని డాక్టరమ్మ చెప్పే మాట ఉంది. దానికి నా చీర కట్టుకుని తలూపింది ఈ అమ్మాయే.

సాయంత్రానికి నా చీర ఒక కవరులో మా తలుపు ముందు ఉంది. బెల్లు కొట్టలేదు. ఆ వారాంతంలో వాళ్ళ పాప పుట్టినరోజు, వీధిలో పిల్లలంతా వెళ్ళారు. మా మనవరాలు గౌను వేసుకుని కూర్చుని, "వై కాంట్ ఐ గో, అమ్మమ్మా?" అని అడిగింది. మా అమ్మాయి వచ్చి హాల్లో నిలబడింది. దానికి విషయం అప్పటికి తెలిసిపోయింది.

"ఏం అవసరం వచ్చిందమ్మా నీకు? ఎయిడ్స్ ఉందని వీధంతా చెప్పుకుంటావా? మా అమ్మకి ఎయిడ్స్ అని అందరికీ తెలిశాక నేను ఇక్కడ ఎలా తిరగాలి?"

ఆ పదం వాడొద్దని, అది మనిషిని పొడిచినట్టు ఉంటుందని ఆఫీసులో నేర్పేది తనే. హెచ్ఐవీ కూడా కాదు, ఎయిడ్స్ అంది. కానీ అంది. మా అమ్మకి అని అంది. మనవరాలి ముందు, గొంతెత్తి.

"ఇంకోసారి అనవే" అన్నాను. నేను ఎగతాళికి అనలేదు.

అది నన్ను చూసి, గదిలోకి పోయి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపలినుంచి ఇంగ్లీషు వినిపించింది. అడవిలోంచి డాక్టరమ్మ వాళ్ళకి సిగ్నల్ దొరికినట్టుంది, మీటింగ్ పెట్టుకున్నారు. మా అమ్మాయి గొంతు ఎంత మెత్తగా ఉందో. తొందరేం లేదు, నిదానంగా చెప్పండి, వింటున్నాను అని చెప్తోందని ఆ గొంతు తీరుని బట్టే తెలుస్తోంది.